కొరియాభాషాభ్యాసము: ఇంటనుండియే నేర్చుట



నేటి ప్రసంగవిషయమును విని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. వాన పడిన ప్రత్తి, పడకున్న వలస యను లెక్కతో కాలము గడపు మన ఆస్పరి, ఆదోని సీమలో కొరియాదేశపు భాషతో నేమి పని యని యడుగవచ్చును. రెండేండ్లకు పూర్వము నేనును అట్లే యడిగినవాడను. పాలిటెక్నిక్ చదువు ముగించి యింట కూర్చున్న మా మనుమడు ఒకనాటి సాయంకాలము సెల్లుఫోను చేతబట్టి యేవో వింత పలుకులు వల్లించుచుండెను. వాని తండ్రి, "ఈ పాట కూటికి వచ్చునా, గుడ్డకు వచ్చునా? గుంటూరు మిరపచేలకు పోయినను కూలియైన దక్కును" అని కసరినాడు. పిల్లవాడు మాఱుపలుకక లోనికి పోయెను. ముప్పదియైదేండ్లు బడిలో పాఠము చెప్పిన నాకు, చదువుకొనువానిని మాన్పించుట చూచి యూరకుండ మనసొప్పలేదు.

మఱునాడు వానిని పిలిచి, నేర్చినదంతయు నాకు ఒప్పజెప్పు మంటిని. మూడు నెలలనుండి వేయి మాటల పట్టిక నొకదానిని కంఠస్థము చేయుచున్నవాడు ముప్పది మాటలైనను తడబడక చెప్పలేకపోయెను. బుద్ధిలోపమా? కాదు. దారి తప్పినది. అది యెచట తప్పినదో, మేమిరువురము దానిని ఎట్లు దిద్దుకొంటిమో చెప్పుటకే నేడు మీ ముందునకు వచ్చితిని.

ముందుగా, ఈ భాషతో పని యున్నదా లేదా యను మాట తేల్చుకొందము. ఆస్పరిలో రైలెక్కి, గుంతకల్లు మీదుగా అనంతపురము, ధర్మవరము దాటి బెంగుళూరు దిక్కునకు పోయినచో పెనుగొండ వచ్చును. 1565 నాటి తళ్ళికోట యుద్ధానంతరము విజయనగరప్రభువులు రాజధాని చేసికొన్న పెనుగొండయే యది. దాని చేరువనే యెఱ్ఱమంచి గ్రామమున కియా యను కొరియాసంస్థ కార్లు చేయు కర్మాగారమును నెలకొల్పినది. 2017 ఏప్రిలులో రాష్ట్రప్రభుత్వముతో ఒడంబడిక జరిగినది. 2019 ఆగస్టులో సెల్టాస్ అను కారు అందుండి మొదటిసారి వెలువడినది. ఆవరణము 500 ఎకరములకు మించినది. ఏటికి మూడు లక్షల కార్లు చేయు శక్తి కలుగునట్లు నిర్మించినారు. విడిభాగములు చేయు కొరియాసంస్థలు మఱికొన్ని దాని చుట్టును వెలసినవి. 2020 నాటి జాతీయవిద్యావిధానము సైతము బడులలో నేర్పదగిన విదేశభాషలలో కొరియాభాషను పేర్కొన్నది. అయినను, భాష వచ్చినంతమాత్రమున ఉద్యోగము ఒడిలో పడునని నేను చెప్పను. మర పని తెలియక మాట మాత్రమే తెలిసినవానికి కర్మాగారములో చోటు దొరకుట యరుదు. పని తెలిసినవానికి పై యధికారి మాట కూడ తెలిసిననాడు వాని విలువ వేఱు.

ఇక దారి తప్పిన చోటు. మా వాడు కొరియామాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని చదివినాడు. అచట పిల్లలు తల్లిని పిలుచు మాటను ఇంగ్లీషులో ఇ, ఓ, ఎమ్, ఎమ్, ఎ అని వ్రాయుదురు. దానిని మా వాడు "ఎయోమ్మా" యని చదివెను. వానిని చూచి నేనును కొన్నినాళ్ళు అట్లే పలికితిని. నిజమునకు అది అకారమునకును ఒకారమునకును నడుమనుండు అచ్చుతో "ఒమ్మా" యనునట్లు వినబడును. మన "అమ్మ"కు కూతవేటు దూరములోనున్న మాటకై మేము ఇంగ్లీషు మీదుగా తిరిగితిమి. ఆస్పరినుండి ఆదోనికి పోవలసినవాడు మద్రాసు చుట్టి వచ్చినట్లయినది.

కావున మొట్టమొదట కొరియాలిపినే నేర్వవలెను. అది కష్టమని భయపడ బనిలేదు. చీనాలిపి నేర్వజాలని సామాన్యజనులకొఱకు సెజోంగ్ అను రాజు ఈ లిపిని కల్పించి 1446 లో ప్రకటించెను. నేడు మూలాక్షరములు 14 హల్లులు, 10 అచ్చులు. మన శిక్షాశాస్త్రము వర్ణములను కంఠ్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని స్థానభేదముచే విభజించినట్లే వారును విభజించిరి. అంతటితో నాగక, పలుకునపుడు నోటిలోని యంగము ఎట్లుండునో ఆ రూపునే యక్షరమునకిచ్చిరి. కకారము గొంతును మూయు నాలుక మొదలి రూపు; మకారము నోటి రూపు; సకారము పంటి రూపు. అల్పప్రాణమునకు ఒక గీత చేర్చిన మహాప్రాణమగును. మనము దకారమునకు ఒత్తు చేర్చి ధకారము చేయుదుము గదా, అట్లే. అక్షరములను వరుసగా పేర్చక హల్లును అచ్చును ఒక కట్టుగా కట్టి, చివర పొల్లు వచ్చినచో దానిని అడుగున ఉంచుదురు. ఇంగ్లీషువానికి ఇది వింత. క్రిందికి ఒత్తులు వ్రాసి యలవాటుపడిన మన చేతికి వింత గాదు. మా వానికి లిపి పది దినములలో వచ్చినది. నాకు పదునెనిమిది పట్టినది.

ఇచట వ్యాకరణము చదివిన వృద్ధులకు ఒక యానందము కలదు. కొరియాలో ఒకే యక్షరము మాట మొదట కకారమువలెను, అచ్చుల నడుమ గకారమువలెను వినబడును. పిల్లవాడు "ఇది క యా, గ యా?" యని తల పట్టుకొనును. చిన్నయసూరిగారి బాలవ్యాకరణమున గసడదవాదేశము చదివినవారికి ఇది తల పట్టుకొనవలసిన విషయము కాదు. మఱియొకటి: "హక్" అనగా విద్య; "మున్" అనగా అడుగుట. రెండును కలిసిన శాస్త్రజ్ఞానమని యర్థము. కాని "హక్మున్" అని పలుకరు, "హఙ్మున్" అని పలుకుదురు. వాక్కు, మయము కలిసి వాఙ్మయమైనట్లే! ఇది చూచిననాడు నేను లేచి నిలుచుంటిని. సంస్కృతమునకును ఈ భాషకును చుట్టఱికము లేదు. నోటి స్వభావము మాత్రము ఎల్లెడల నొకటియే.

వాక్యనిర్మాణము మనకు మఱింత దగ్గఱ. "నానున్ బబుల్ మొగొయో" అనగా "నేను అన్నమును తినుచున్నాను" అని. "నా" నేను, "బప్" అన్నము, "ఉల్" మన ద్వితీయావిభక్తి, క్రియ చివర. హల్లు మీద "ఉల్", అచ్చు మీద "రుల్" అగుట మన ను, ని భేదమువంటిదే. ఇంగ్లీషువాడు ఈ వాక్యమును తలక్రిందులు చేసికొన్నగాని యర్థము చేసికొనలేడు. తెలుగుపిల్లవాడు మాటకు మాట పెట్టిన చాలును. క్రియ మనకంటె సులభమైనది. నేను తిన్నను, నీవు తిన్నను, వారు తిన్నను దాని రూపు మాఱదు.

అసలు కష్టము మాటల రాశి. మన భాషలో దేశ్యము, తత్సమము, అన్యదేశ్యము అని యున్నట్లే కొరియాభాషలోను మూడు గాదెలు గలవు. ఇంటిమాటలు, పొలముమాటలు దేశ్యములు. చదువుమాటలు చీనానుండి వచ్చినవి. మనకు సంస్కృతము ఎట్టిదో వారికి చీనా అట్టిది. ఈనాటి వస్తువుల పేళ్ళు ఇంగ్లీషువి. కాఫీని వారు "ఖొపి" యందురు. ఫకారము వారి నోట పలుకదు. మన యూళ్ళలో పెద్దవారు "కాపి" యనుటను చూచి నవ్వువారు ఇది వినవలెను.

దేశ్యములను వస్తువును చూచి నేర్వవలెను. పొలము గట్టున కూర్చుండి నేర్చిన మాట మఱువబడదు. వానకు "బి". మెట్టచేనికి "బత్", మడికి "నొన్". మనవలెనే వారును రెంటికి వేఱు పేళ్ళు పెట్టిరి. వరివడ్లకు "బ్యొ", బియ్యమునకు "స్సల్", ఉడికిన యన్నమునకు "బప్". ఇంగ్లీషులో ఈ మూటికిని ఒకే మాట వాడుదురు. ఇంగ్లీషు పట్టికనుండి నేర్చిన మా వాడు ఈ మూటిని కలగలిపి, "వడ్లు తింటిని" అని వ్రాసియుండెను!

చీనామూలపదములను కుదురు పట్టుకొని నేర్వవలెను. "హక్" విద్యయని చెప్పితిని. "హక్సెంగ్" విద్యార్థి, "హక్క్యో" పాఠశాల, "తెహక్" పెద్ద విద్యాలయము. "సెంగ్" అనగా పుట్టుక, బ్రదుకు, "సెంగిల్" పుట్టినదినము, "సొన్సెంగ్" అనగా ముందు పుట్టినవాడు, గురువని యర్థము. ఒక కుదురు తెలిసిన పది కొమ్మలు చేతికి వచ్చును. విద్యార్థి, విద్యాలయము, విద్యావంతుడు అను మాటలను మనము వేర్వేఱుగా నేర్చితిమా?

లెక్కలు రెండు వరుసలు. "హన, దుల్, సెత్, నెత్, దసొత్" అనునవి దేశ్యసంఖ్యలు. "ఇల్, ఈ, సమ్, స, ఓ" అనునవి చీనావి. గంటలను దేశ్యసంఖ్యతో, నిమిషములను చీనాసంఖ్యతో చెప్పుదురు. ఇదెక్కడి చిక్కు అని మా వాడు విసిగికొనెను. "ఒరే, సంతలో ఒకటి, రెండు అని లెక్కించి, పంచాంగము చూచి విదియ, తదియ అను తాతకు మనుమడవు గావా?" అంటిని. మఱి విసుగుకొనలేదు.

మర్యాద విషయమున మన పిల్లలు చాల జాగ్రత్తగా నుండవలెను. "నొ" అనగా నీవు. ఇది తోటివానికి, చిన్నవానికి తప్ప చెల్లదు. పెద్దవారితో మాటలాడునపుడు మాటలే మాఱును. అన్నము "బప్" అయినను పెద్దల భోజనము "చింజి". వయస్సు "నయి" యైనను పెద్దల వయస్సు "యొన్సె". వాక్యాంతమున "యో" చేర్చుట మన "అండి" వంటిది. అన్నకు తమ్ముడు పిలుచు పేరు "హ్యొంగ్", చెల్లెలు పిలుచు పేరు "ఓప్పా". చలనచిత్రములు చూచి నేర్చినవారు స్నేహితుల పలుకుబడిని పై యధికారిముందు వాడి నగుబాటగుదురు. చిత్రములు చెవికి మంచివి. నోటికి మొదట మర్యాదరూపమే నేర్పవలెను.

ఇక వల్లెవేయు పద్ధతి. టోపిక్ అను పరీక్షలో ఆఱు మెట్లు గలవు. మొదటి మెట్టునకు సుమారు 800 మాటలు వలయును. దినమునకు అయిదు చొప్పున 160 దినములలో ముగియును. వేయి మాటలను ఒక్క తూరి మ్రింగ నక్కఱలేదు. మొదటి రెండు మెట్లకును ఒకే పరీక్ష; అందు వినుట, చదువుట మాత్రమే యుండును. 200 మార్కులలో 80 వచ్చిన మొదటిది, 140 వచ్చిన రెండవది దక్కును. మా గురువులు అమరకోశము చెప్పునపుడు క్రొత్త శ్లోకమునకు ముందు నిన్నటిది, మొన్నటిది, వారము క్రిందటిది అప్పగింపించుకొనెడివారు. మఱపు మొదటి దినములలోనే వడిగా వచ్చునని 1885 లో జర్మనీపండితుడు ఎబ్బింగ్‌హౌస్ తన్ను తానే పరీక్షించుకొని వ్రాసెను. మా గురువులకు ఆయన పేరు తెలియదు; పద్ధతి తెలియును.

ఇందు మీకు పని కలదు. పిల్లవాడు నోటుపుస్తకములో ఎడమవైపు తెలుగర్థమును, కుడివైపు కొరియామాటను, దాని క్రింద తెలుగులిపిలో పలుకును వ్రాయవలెను. పలుకును ఫోనులో మూడుమార్లు విన్న పిదపనే వ్రాయవలెను. సాయంకాలము మీరు పుస్తకము పట్టుకొని తెలుగర్థము చదువుడు. వాడు కొరియామాట చెప్పవలెను. తడబడినచో ఆ మాటకు చుక్క పెట్టుడు. మూడు చుక్కలు పడిన మాటతో వాడు మఱునాడు ఒక వాక్యము కట్టి తేవలెను. దీనికి మీకు కొరియాభాష రానక్కఱలేదు. అద్దములు, అరుగు ఉన్న చాలును. రెండు నెలలైన పిదప తెలుగులిపిలో వ్రాయుట మాన్పించి, కొరియాలిపిని మాత్రమే ఉంచవలెను. లేనిచో అది చంకక్రింది కఱ్ఱయై నిలుచును. ఆడపిల్లలు నేర్తుమన్నను ఇట్లే కూర్చుండి వినుడు. మా వీథిలో ఇపుడు ముగ్గురు నేర్చుచున్నారు. వారిలో చుక్కలు తక్కువపడునది కంసాలివారి పిల్లకే.

ఒక హెచ్చరిక. "ఒమ్మా"కు "అమ్మ", "నా"కు "నేను", "బ్యొ"కు "బియ్యము" పోలికలు చూచి, రెండును ఒక తల్లి బిడ్డలేయని పొంగిపోవలదు. 1905 లో హల్బర్ట్ అను అమెరికనుడు కొరియాభాషను ద్రావిడభాషలతో పోల్చి ఒక గ్రంథమే వ్రాసెను. భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టఱికమును అంగీకరింపలేదు. పోలిక జ్ఞాపకమునకు కొక్కెముగా పనికివచ్చును. దానిమీద చరిత్ర కట్టరాదు.

మా వానికి ఇప్పటికి 430 మాటలు వచ్చినవి. వాని తండ్రి యింకను గొణుగుచునే యున్నాడు గాని, చీకటిపడగానే అరుగుమీద దీపము వేయునది ఆయనయే. మొన్న రాత్రి మనుమడు నా కడకు వచ్చి, "చింజి చప్సుషొస్సొయో?" అని యడిగెను. భోజనమైనదా యని పెద్దల నడుగుట. ఆ దేశమునను ఇది పలుకరింపే. నేను గర్వముతో, "అయినది, చింజి తింటిని" అని కొరియాలోనే బదులిచ్చితిని. వాడు పుస్తకము తెఱచి, "తాతా, తన భోజనమును తాను చింజి యనరాదు, బప్ అనవలెను" అని నా పేర ఒక చుక్క పెట్టినాడు.