ఇంటికి సీసీ కెమెరా మీరే బిగించుకుంటున్నారా? డ్రిల్లు పట్టే ముందు ఇవి చూసుకోండి

పెళ్లికి ఊరెళ్లినా, ఉమ్రాకు వెళ్లినా ఇంటికి తాళం వేసి రోజుల తరబడి వదిలేయాల్సిందే. రంజాన్‌లో తరావీహ్ వేళ మగవాళ్లు మసీదులో ఉంటే ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలే. గేటు దగ్గర ఒక కెమెరా ఉంటే బాగుండు అనిపించడం సహజం. టెక్నీషియన్‌ను పిలిస్తే నాలుగు కెమెరాలు, డీవీఆర్, హార్డ్ డిస్క్, వైరింగ్ అంటూ లెక్క పది వేలు దాటేస్తుంది. బయట పెట్టే వైఫై కెమెరా ఒకటి 2,000 రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. మెమరీ కార్డు, వైరు, స్క్రూలు కలుపుకున్నా 3,500 లోపే. ఇంట్లో డ్రిల్లు పట్టగలిగినవాళ్లు ఒక్కరుంటే ఆదివారం పూట పనైపోతుంది.

బిగించడం కష్టం కాదు. ఆ కెమెరా ఏం చూస్తోంది, దాన్ని ఎవరు చూస్తున్నారు అన్నదే అసలు విషయం. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల దృశ్యాలు ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చాయి. డాక్టర్ దగ్గర పరీక్షకు వెళ్లిన ఆడవాళ్ల వీడియోలు అవి. పాస్‌వర్డ్ మార్చకుండా కంపెనీ ఇచ్చినదే వదిలేయడం వల్ల హ్యాకర్ల పని తేలికైందని దర్యాప్తులో బయటపడింది. ఇంటి రక్షణకు పెట్టుకున్నదే ఇంటి పరువు తీసే ప్రమాదం ఇక్కడే ఉంది.

అందుకే మొదటి నిర్ణయం: కెమెరా గేటుకు, మెట్లకు, వాకిలికి మాత్రమే. హాల్లో వద్దు, వంటగది వైపు అసలు వద్దు. పడకగది సంగతి చెప్పనక్కర్లేదు. ఆడవాళ్లు ఇంట్లో తల మీద దుపట్టా లేకుండా తిరుగుతారు, చుట్టాలు వస్తారు. ఆ దృశ్యాలు ఒక కంపెనీ సర్వర్‌కు వెళ్లాల్సిన అవసరం ఏముంది?

కొనేటప్పుడు పెట్టె మీద ఐపీ65 గానీ ఐపీ66 గానీ ఉందా చూడండి. అది లేని ఇండోర్ కెమెరాను సజ్జ కింద పెడితే ఒక్క వానాకాలం తట్టుకోవడమే గొప్ప. బీఐఎస్ గుర్తు కూడా చూడాలి. సీసీ కెమెరాలు హ్యాకింగ్‌ను తట్టుకునే భద్రతా పరీక్షలు పాసవ్వాలన్న కేంద్రం నిబంధన 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లో ఉంది. పేరూ ఊరూ లేని కెమెరా 800కే వస్తోందని తీసుకుంటే మిగిలేది ఆ వెయ్యి రూపాయలే.

తెచ్చిన వెంటనే గోడకు రంధ్రం పెట్టకండి. ముందు రూటర్ పక్కన టేబుల్ మీద పెట్టి యాప్‌తో కలపండి. తక్కువ ధర కెమెరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పడుతుంది. ఫోన్ 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌లో ఉంటే చాలాసార్లు కనెక్ట్ కాదు, కెమెరానే పాడైందని దుకాణానికి పరిగెత్తుతారు. కనెక్ట్ అయ్యాక, కెమెరా పెట్టాలనుకున్న చోట ఎక్స్‌టెన్షన్ బోర్డుతో ఆన్ చేసి ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు ఫోన్‌లో చూడాలి. బొమ్మ ఆగి ఆగి వస్తే రూటర్‌ను జరపాలి, లేదా చోటు మార్చాలి.

ఎత్తు 8 నుంచి 10 అడుగులు చాలు. ఇంకా పైన పెడితే మనిషి నడినెత్తి తప్ప ముఖం పడదు. తూర్పు గేటయితే పొద్దున సూర్యుడు నేరుగా లెన్స్‌లో కొడతాడు, కొంచెం పక్కకు తిప్పండి. కిటికీ అద్దం వెనక పెట్టకూడదు. రాత్రి కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు అద్దానికి తగిలి తిరిగొస్తుంది, తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించదు. తెల్లగోడకు మరీ ఆనుకున్నా ఇదే బాధ. వైరు కోసం గోడకు పెట్టే రంధ్రం బయటి వైపు కిందికి వాలుగా ఉండాలి. వైరును కూడా రంధ్రం కంటే కిందికి వేలాడదీసి పైకి తెచ్చి లోపలికి పంపితే, వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. డ్రిల్లు చేసే చోట గోడ లోపల కరెంటు పైపు పోతోందేమో ముందే చూసుకోండి.

ఇక మెమరీ కార్డు లెక్క. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున రికార్డయితే రోజుకు దాదాపు 10.8 జీబీ. అంటే 64 జీబీ కార్డు ఐదారు రోజుల్లో నిండి, పాతది చెరిగిపోవడం మొదలవుతుంది. 20 రోజుల ఉమ్రాకు వెళ్తే, మూడో రోజు జరిగిన దొంగతనం తిరిగొచ్చేసరికి కార్డులో ఉండదు. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా సెట్ చేయండి, కార్డు 128 జీబీది తీసుకోండి. సీసీ కెమెరాల కోసమే చేసే హై ఎండ్యూరెన్స్ కార్డయితే ఎక్కువ కాలం మన్నుతుంది. దొంగ కెమెరానే పీక్కుపోతే కార్డు కూడా పోతుంది కాబట్టి, ఊరెళ్లే నెలకు క్లౌడ్ ప్లాన్ కట్టినా తప్పులేదు. కరెంటు పోతే రూటర్, కెమెరా రెండూ ఆగిపోతాయి. మినీ యూపీఎస్ కొనేముందు అడాప్టర్ మీద 5 వోల్టులా 12 వోల్టులా చదవండి, తప్పుగా కలిపితే కెమెరా కాలిపోవచ్చు.

చాలామంది తప్పటడుగు వేసేది యాప్ దగ్గర. బిగించడానికి వచ్చిన కుర్రాడు తొందరలో తన ఫోన్‌తోనే రిజిస్టర్ చేసి, మీకు షేర్ చేసి వెళ్లిపోతాడు. అప్పుడు కెమెరాకు యజమాని అతనే. మీ వాకిట్లో ఎవరొస్తున్నారో, ఇంటికి ఎప్పుడు తాళం పడుతోందో అతని ఫోన్‌లో కనిపిస్తుంది. ఇప్పటికే అలా జరిగుంటే, అతన్ని పిలిపించి తన ఖాతా నుంచి కెమెరాను తీసేయించండి, తర్వాత రీసెట్ చేసి మీ ఫోన్‌తో మళ్లీ మొదలుపెట్టండి. పాస్‌వర్డ్ కొత్తది, ఇంకెక్కడా వాడనిది ఉండాలి. ఓటీపీతో రెండో తాళం సౌకర్యం ఉంటే ఆన్ చేయండి. దుబాయ్‌లో ఉన్న భాయిజాన్‌కు చూపించాలంటే పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపొద్దు, యాప్‌లోని షేర్ బటన్ అందుకే ఉంది.

పాతబస్తీ లాంటి ఇరుకు గల్లీల్లో మన గేటు కెమెరాకు ఎదురింటి తలుపు కూడా కనిపిస్తుంది. యాప్‌లో ప్రైవసీ జోన్ ఉంటే ఆ భాగాన్ని నల్లగా కప్పేయవచ్చు. కప్పాక ఎదురింటి ఖాలాను పిలిచి ఫోన్‌లో చూపిస్తే అనుమానం ఉండదు. ఉమ్మడి ఇళ్లలో ఇంకా జాగ్రత్త అవసరం. ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ల అంగీకారం లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పింది. దానిపై వెళ్లిన అప్పీలును సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏకాంతంలో ఉన్న స్త్రీని ఆమెకు తెలియకుండా చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద కేసవుతుంది.

దొంగతనం జరిగితే క్లిప్‌ను అదే రోజు ఫోన్‌లోకి దించుకుని, కార్డు తీసి దాచండి, ఫార్మాట్ చేయకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి, పోలీసులు అడిగితే కంగారు పడనక్కర్లేదు. వీడియో మీద తేదీ, టైము తప్పుంటే మాత్రం అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. నెలకోసారి లెన్స్ మీది సాలెగూడు తుడిచేటప్పుడు ఆ టైము కూడా ఒకసారి వాచీతో సరిచూసుకోండి.