కిక్కు కొలబద్ద కాదు
కల్లు, క్రాఫ్ట్ బీరు: అపోహలు – వాస్తవాలు

సెలవు రోజున హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకు వచ్చేవాళ్లలో చాలామంది వికారాబాద్‌లో వాకబు చేసేది మంచి కల్లు గురించే. వాళ్లలోనే కొందరు నగరంలో మైక్రోబ్రూవరీకి వెళ్లి కొత్త రకం బీర్లు రుచి చూస్తారు. తాండూరు వైపు పల్లెలోని కల్లు మండువకూ, నగరంలో మెరిసే స్టీలు ట్యాంకులకూ సంబంధమే లేదని వాళ్ల నమ్మకం. నిజానికి రెండుచోట్లా రుచిని తయారుచేసేవి పులియబెట్టే సూక్ష్మజీవులే. తాగేవాణ్ని రెండుచోట్లా తప్పుదారి పట్టించే భ్రమ కూడా ఒకటే: ఎంత మత్తెక్కితే అంత మంచి సరుకు అనేది.

అపోహ: బీరంతా ఒకటే రుచి, రంగు ముదిరితే ఘాటు ఎక్కువ.

వాస్తవం: బీర్లలో ప్రధానంగా రెండు కుటుంబాలున్నాయి. ఏల్‌ను సుమారు 15 నుంచి 24 డిగ్రీల వెచ్చదనంలో పులియబెడతారు. ఆ వేడికి ఈస్ట్ చురుగ్గా పనిచేసి పండ్ల వాసనలు, మసాలా వాసనలు పుట్టిస్తుంది. లాగర్‌కు 7 నుంచి 13 డిగ్రీల చలువ కావాలి. ఈస్ట్ నిదానంగా పనిచేస్తుంది, ఆ తర్వాత వారాల తరబడి చల్లగా నిలవ ఉంచుతారు కాబట్టి రుచి తేటగా వస్తుంది. మన వైన్స్‌లో దొరికేవి దాదాపు అన్నీ లాగర్లే కావడంతో బీరంటే అదే అనుకోవడం అలవాటైంది. జర్మన్ పద్ధతిలో చేసిన గోధుమ బీరు ముక్కు దగ్గర పెట్టుకుంటే మాగిన అరటిపండు, లవంగం వాసన కొడుతుంది. అందులో అరటిపండూ లేదు, లవంగమూ లేదు. ఆ రెండూ ఈస్ట్ చలవే. రంగు సంగతీ ఇంతే. స్టౌట్ అనే రకం బీరుకు నలుపు, కాఫీలాంటి చేదు వచ్చేది బాగా వేయించిన బార్లీ వల్ల. నల్లటి స్టౌటైన గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. మన బంగారు రంగు స్ట్రాంగ్ బీరులో 8 శాతం దాకా ఉండొచ్చు.

అపోహ: బార్లీ లేనిది బీరు కాదు.

వాస్తవం: తాండూరు నల్లరేగడిలో కందితోపాటు పండే జొన్నతోనూ బీరు చేస్తారు. ఆఫ్రికా దేశాల్లో జొన్న బీరు తరతరాల అలవాటు. నైజీరియా 1988లో బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధిస్తే అక్కడి పెద్ద కంపెనీలు కూడా జొన్న దారి పట్టాయి.

అపోహ: బీరు మందు కిందికి రాదు, తాగితే స్ట్రాంగే తాగాలి, అప్పుడే పైసలు గిట్టుబాటు.

వాస్తవం: లెక్క వేసి చూడండి. 8 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల సీసాలో స్వచ్ఛమైన ఆల్కహాల్ 52 మిల్లీలీటర్లు. 42.8 శాతం ఉన్న విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులో అది 26 కూడా దాటదు. అంటే ఒక స్ట్రాంగ్ సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం. గిట్టుబాటే చూసుకునేవాడికి సీసా మీద అంకె చాలు, రుచితో పని లేదు. కానీ రుచి కోసమే ఎక్కువ ధర పెట్టి ఏల్ కొనేవాడు కిక్కుతో దాన్ని తూచడం అర్థం లేని పని.

అపోహ: కల్లు చెట్టు నుంచి వచ్చేది, అందులో ఆల్కహాల్ ఉండదు, ఎప్పుడు తాగినా ఒకటే.

వాస్తవం: గీత కార్మికుడు మోకు, ముత్తాదుతో చెట్టెక్కి, తాటి గెల కొసనో ఈత మొవ్వు పక్కనో కత్తితో గీసి లొట్టి కడతాడు. దిగేది చక్కెర నీరే. సున్నం పూసిన కుండలో, చల్లగా పడితే అది తియ్యని నీరా. మామూలు లొట్టిలోనైతే అడుగున మిగిలిన మడ్డిలోని ఈస్టూ బ్యాక్టీరియా అప్పటికప్పుడే పని మొదలుపెడతాయి. గంటల్లోనే నురగ, పులుపు, 4–5 శాతం దాకా ఆల్కహాల్ వస్తాయి. రోజు దాటితే వెనిగర్ దారి పడుతుంది. బెల్జియంలో లాంబిక్ అనే బీరును కూడా ఈస్ట్ కలపకుండా ఇలా గాలిలోని సూక్ష్మజీవులకే వదిలేస్తారు. అయితే దాన్ని హాప్స్ అనే చేదు పూలతో మరిగిస్తారు కాబట్టి పీపాల్లో ఏళ్ల తరబడి నిలుస్తుంది. కల్లుకు ఆ రక్ష లేదు. పొద్దున దించినది తీపి, సాయంత్రానిది పులుపు. పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని తాటికల్లును కాలాన్ని బట్టి వేరుచేసి చెప్పే మన పల్లెలకు ఈ తేడా కొత్త కాదు.

అపోహ: గట్టిగా ఎక్కేదే అసలు కల్లు.

వాస్తవం: ఇది ప్రాణాంతకమైన అపోహ. నిలవ ఉండని, దూరం పోని సరుకు ఏ కాలంలోనైనా, ఏ వేళకైనా, ఎంతమందికైనా ఒకే రుచితో దొరుకుతోందంటే అది చెట్టు మీద నుంచి రాలేదని అనుమానించాలి. నీళ్లలో శాకరిన్, ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన మందు కల్లు తెలంగాణకు పాత రోగం. 2021 జనవరిలో వికారాబాద్, నవాబుపేట మండలాల పల్లెల్లో వందమందికి పైగా కల్లు తాగి అస్వస్థులయ్యారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. మత్తుమందుకు ఆల్కహాల్ తోడైతే ఊపిరి మందగిస్తుంది. అలవాటుపడ్డవారు ఒక్కసారిగా మానేసినా మూర్ఛ, మతిభ్రమణం రావచ్చు. అందుకే మానడం కూడా వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి.

కల్తీని తప్పుపడితే గీత వృత్తి పొట్ట కొట్టినట్టేనని కొందరంటారు. అసలు దెబ్బ కల్తీ వల్లే తగులుతుంది. రోజూ చెట్టెక్కేవాడి లొట్టి పౌడరు కలిపిన డ్రమ్ముతో ధరలో పోటీ పడలేదు. రుచి గురించి రాయడమంటే తాగుడును ప్రోత్సహించడమేనన్నది మరో ఆక్షేపణ. ఆల్కహాల్‌లో సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. కల్లుకైనా, ఏల్‌కైనా అది వర్తిస్తుంది. తాగనివారు మొదలుపెట్టాల్సిన పని లేదు. రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. తాగేవారు మాత్రం ఎంత ఎక్కుతుందని కాకుండా ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎప్పుడు దించారు అని అడగాలి. ఈ మూడింటికి జవాబు రాకపోతే ఆ గ్లాసు ముట్టకండి.