అరెస్టైన రాత్రి లాయర్ చేసే పని

అరెస్టు కబురు తెలియగానే చాలా ఇళ్లలో ముందు వెతికేది లాయర్ని కాదు, ఎస్సై గారికి తెలిసిన మనిషిని. "నేను మాట్లాడతాను, ఓ ఇరవై వేలు చూడండి" అంటాడాయన. తెల్లారేసరికి డబ్బు ఖర్చవుతుంది, కుర్రాడు రిమాండ్‌కి వెళ్లిపోతాడు. ఆ ఇరవై వేలు ఎక్కడ అప్పు తెచ్చారో తల్చుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

స్టేషన్‌కి వెళ్లినవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది క్రైమ్ నంబరు, పెట్టిన సెక్షన్లు. బెయిలబుల్ సెక్షన్లే అయితే స్టేషన్‌లోనే జామీను మీద వదలాలి. అరెస్టు మెమో మీద ఇంటివాళ్లను సాక్షి సంతకం అడిగితే, అందులో వేసిన టైము చూడకుండా పెట్టొద్దు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. సాయంత్రం పట్టుకెళ్లి మర్నాడు ఉదయం అరెస్టు చేసినట్టు రాస్తే, ఆ లెక్కే మారిపోతుంది.

లాయర్ అవసరం అసలు పడేది రిమాండ్ దగ్గర. ఆదివారం సాయంత్రం మేజిస్ట్రేట్ గారి ఇంటి వరండా అనుకోండి. ఇరవై రెండేళ్ల కుర్రాడు నిలబడ్డాడు, వెనకాలే కానిస్టేబుళ్లు. "పోలీసులు కొట్టారా?" అని మేజిస్ట్రేట్ అడిగారు. కుర్రాడు వెనక్కి ఓసారి చూసి, లేదన్నట్టు తలూపాడు. పక్కన లాయర్ ఉంటే ఆ వాచిన మణికట్టు చూపించి, వైద్య పరీక్ష చేయించమని కోరతాడు. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారా అని అడుగుతాడు. ఏ నేరమైనా సరే ఆ కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసైతే, నోటీసు ఇస్తే సరిపోయేదానికి అరెస్టెందుకని వాదిస్తాడు. ఇవన్నీ ఆ పది నిమిషాల్లో జరగాలి. మూడు రోజుల తర్వాత వచ్చే పేరున్న లాయర్ కన్నా, ఆ సాయంత్రం వచ్చి నిలబడే మామూలు లాయరే మేలని నా నమ్మకం.

మన పొలం కాగితాలు చూసే సివిల్ లాయర్ ఎంత మంచివారైనా, ఆ కోర్టులో రోజూ క్రిమినల్ కేసులు చూసేవారిని అడగండి. ఫీజు బెయిల్ వరకేనా, కేసు తేలేదాకానా అన్నది మొదటే మాట్లాడుకుని రసీదు తీసుకోండి. "బెయిల్ గ్యారంటీ" అన్నారంటే లేచి వచ్చేయండి. బెయిల్ ఇచ్చేది కోర్టు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. కుదిరిన లాయర్‌కి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాలి. మీరు చెప్పింది ఆయన బయటపెట్టకూడదు. విచారణ జరిగినంతసేపూ పక్కన కూర్చోనివ్వకపోయినా, మధ్యలో లాయర్‌ని కలిసే హక్కు మీవాడికి ఉంది.

డబ్బులేదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం, కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా చాలు. ఒకవేళ ఎవరూ రాకపోతే, లాయర్ కావాలని నిందితుడే మేజిస్ట్రేట్‌ని నోరు తెరిచి అడగొచ్చు.

రిమాండ్ పడిన తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. మామూలు కేసుల్లో 60 రోజుల్లో, పదేళ్లు అంతకు మించి శిక్షపడే నేరాల్లో 90 రోజుల్లో పోలీసులు చార్జిషీట్ వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. అయితే చార్జిషీట్ పడకముందే పిటిషన్ వేయాలి. ఆ గడువు దగ్గర పడగానే మీ లాయర్‌కి మీరే గుర్తుచేయండి.