అగ్గిపెట్టె

ప్రతిదినమును మనకు సేవచేయుచు, ఒక్కనాడైనను మన మెప్పునకు నోచుకొనని వస్తువులు మన యిండ్లలో ఎన్నియో కలవు. వానిలో మిక్కిలి చిన్నది అగ్గిపెట్టె. కొళాయి నీరు రాకున్న వీథియంతయు వినబడునట్లు గోల పెట్టుదుము. దీపములారిపోయిన గడియ యోర్వలేము. అగ్గిపుల్ల మాత్రము గీచిన వెంటనే వెలుగవలయును, వెలిగిన వెంటనే పారవేయబడవలయును. అంతకు మించి దానిని తలచువా రెవరు?

మన పెద్దలకు నిప్పు ఇంత సులభవస్తువు కాదు. యజ్ఞము చేయువారు అరణిని మథించి అగ్నిని బడయుచుండిరి. భారతమున ఒక బ్రాహ్మణుని అరణి లేడికొమ్ములకు దగుల్కొనిపోగా, దానిని తెచ్చుటకై పాండవులు ఆ లేడి వెంటబడి, దప్పిగొని, యక్షుని కొలనికడ నలుగురు పడిపోయిన కథ మన మందరము విన్నదే. యక్షప్రశ్నలు చదివి ధర్మరాజు బుద్ధిని మెచ్చుకొందుము గాని, అంత కథకును మూలము నిప్పు పుట్టించు కొయ్యముక్క యని తలపము.

సామాన్యుల యిండ్లలో నిప్పు చల్లారకుండ కాచుకొనుట ఇల్లాలి పని. రాత్రి వంట ముగిసిన పిదప నిప్పులలో పిడక నుంచి నివురు గప్పి, వేకువనే దానిని కదిపి ఊదుగొట్టముతో ఊదవలయును. చల్లారినచో పొరుగింటికి పోయి, పిడకముక్కమీద నిప్పు అడిగి తెచ్చుకొనవలయును. ఇల్లు కాలి యొక డేడ్చుచుండ చుట్టకు నిప్పడిగిన వాని సామెత అట్టి కాలమున పుట్టినదే. ముసురు పట్టిన రాత్రి, చంటిబిడ్డకు పాలు కాచవలసిన వేళ, పొయ్యి చల్లారిన యిల్లాలి పాటు ఊహించుకొనుడు. చెకుముకిరాయి యున్నను తడిసిన దూది అంటుకొనదు గదా!

ఈ బాధ తీర్చుటకు దారి చూపినవాడు ఇంగ్లండులోని జాన్ వాకర్ అను మందుల వర్తకుడు. రాపిడిచే మండు పుల్లలను అతడు 1827లో అమ్మజొచ్చెను. తరువాతివారు పుల్ల యింకను సులభముగా వెలుగుటకై తెల్ల భాస్వరమును చేర్చిరి. మేము చెప్పదలచిన దసలు ఇచ్చటనే యున్నది. ఆ భాస్వరపు ఆవిరి పీల్చుచు పనిచేయువారికి దవడయెముక కుళ్లు వ్యాధి పట్టెడిది. తొలుత పంటిపోటు, పిదప వాపు, చీము. దవడను కోసి తీసివేయవలసిన దుర్గతి కొందరిది. ఆ పనివారిలో పెక్కురు స్త్రీలు, బాలికలు. ఒక గృహిణి పొయ్యి సుఖముగా రాజుకొనుటకు వేరొక స్త్రీ ముఖము వెలగా చెల్లినది!

1888లో లండను నగరపు తూర్పుభాగమున బ్రయంట్ అండ్ మే వారి కర్మాగారములోని బాలికల దుస్థితిని అనీబిసెంటు పత్రికలో ప్రకటించెను. ఆ జూలైలో సుమారు 1,400 మంది పని మానివైచిరి. చిన్న తప్పులకు కూలిలో కోయు జుల్మానాలు పోవుటయు, భాస్వరము సోకని వేరుగదిలో భోజనము చేయగల్గుటయు వారి విజయము. మదనపల్లెలో 1915లో కళాశాల స్థాపించిన బిసెంటమ్మయే ఈమె. విషము మాత్రము అప్పటికిని పోలేదు. హాని లేని పుల్లను స్వీడనువాడైన పాష్ 1844లోనే కనిపెట్టియుండెను గాని, దానికి ఖర్చెక్కువ. నాలుగు డబ్బుల ఆదాయమునకై అన్నేండ్లు ఆగినవారిని ఏమనవలయునో మాకు తెలియదు. తుదకు 1906లో కొన్ని దేశములు బెర్నులో కూడి తెల్ల భాస్వరపు పుల్లలను మానుటకు ఒడంబడిక చేసికొనినవి. మన దేశమున 1913లో శాసనము వచ్చినది.

నేటి పెట్టెను చేతబట్టి చూడుడు. ప్రక్కనున్న గోధుమరంగు పూతలో ఎర్ర భాస్వరము కలదు, పుల్లతలలో లేదు. కావుననే గోడకు గీచిన వెలుగదు. (ఖాళీ పెట్టెలు మావారి బడిపిల్లలకు రైలుబండ్లు, దారముతో టెలిఫోనులు. మా యింట ఒక్కటియు మిగులదు.)

ఈ పెట్టెలు మనకు ఎక్కువగా వచ్చునది తమిళదేశపు శివకాశి ప్రాంతమునుండి. 1922లో అచ్చటి బంధువు లిరువురు కలకత్తాకు పోయి ఈ విద్య నేర్చివచ్చిరి. వానలు తక్కువైన ఆ నేలపై సేద్యము సాగనివారికి ఇది కూడు పెట్టినది. కాని చిరకాలము పసివారి చేతులును ఈ పనిలో నలిగినవి. 1986 నాటి శాసనము దీనిని బాలలకు నిషిద్ధమైన పనులలో చేర్చెను. 1996లో సుప్రీముకోర్టు, పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క బాలునకు యజమాని 20,000 రూపాయలు చెల్లించవలయునని తీర్పు చెప్పెను. యంత్రములు వచ్చినను, నేటికిని ఆ పనిలో స్త్రీలే యెక్కువ.

పదునాలుగేండ్లు రూపాయిగా నుండిన పెట్టె వెల 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైనది. వేల రూపాయల చీర కొనునపుడు పెదవి విప్పనివారును నాడు దుకాణముకడ గొణిగిరి!

గ్యాసుపొయ్యికి లైటరు వచ్చిన పిదప అగ్గిపెట్టె వంటింటినుండి దేవుని గూటికి చేరినది. సంధ్యవేళ దీపము వెలిగించి లక్ష్మీదేవికి నమస్కరింతుము గదా. ఆ నమస్కారములో మేము, పుల్లలు పేర్చి పంపిన ఆ యాడుబిడ్డలకును కొంత పాలు పెట్టుచున్నాము.