పత్తర్‌గట్టిలో తిన్నాక "గ్యాసే" అనుకోకండి

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పత్తర్‌గట్టికి వెళ్లి చూడండి. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు, నిజాం కాలం నాటి రాతి కమానుల పొడవునా బట్టల కొట్లు, అత్తరు కొట్లు. పెళ్లిబట్టలు కొనడానికి వచ్చినవారు అటునుంచి అటే హోటల్లోకి వెళతారు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్టుతో మొదలైన వ్యవహారం బిర్యానీతో గాని ముగియదు. ఇప్పుడు వీటి సరసన షవర్మా, నూడుల్స్ కూడా చేరాయి.

"ఇవేవీ తినకూడదా డాక్టరుగారూ?" అని మీరు అడగవచ్చు. తినండి. హలీమునే తీసుకోండి. అరబ్బుల హరీస్ నుంచి వచ్చిన వంటకమది. గోధుమలు, మాంసం, పప్పులు గంటల తరబడి ఉడికించి, కర్రలతో మెదిపి చేస్తారు. పగలంతా ఉపవాసమున్న మనిషికి మాంసకృత్తులిచ్చే ఆహారం. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చిక్కల్లా పైన పోసే నెయ్యితోనే. గ్రాముకు 9 కేలరీల లెక్కన పెద్ద చెంచాడు నెయ్యి నూరు కేలరీలు దాటుతుంది. ఉపవాసం లేనివారు సాయంత్రం దీన్ని చిరుతిండిగా లాగించి, ఇంటికి వెళ్లి మళ్లీ అన్నానికి కూర్చుంటే ఎలాగండీ?

పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్ సంగతి వేరు. వేడిలో నిలవ ఉంటే అందులో సాల్మొనెల్లా క్రిములు పెరుగుతాయి. 2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. పిల్లలకు, గర్భిణులకు అసలు పెట్టకండి.

మధుమేహం ఉన్నవారికి ఒక మాట. భోజనానికి ముందు వేసుకోవలసిన మాత్ర ఇంట్లోనే మింగి బజారుకు బయల్దేరకండి. బిర్యానీ కోసం గంటసేపు కాచుకునేలోగా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి.

మన తాతలు పొద్దుగూకగానే తినేవారు. ఇప్పుడు రాత్రి భోజనం పదీ పదకొండూ అవుతోంది, తినగానే పడక. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని గుండెల్లో మంట పుడుతుంది. అందుకే తిన్న తరువాత రెండు మూడు గంటలు పడుకోవద్దంటాను.

అయితే ప్రతి మంటా ఆమ్లం కాదు. నన్ను అన్నిటికంటె భయపెట్టేది "గ్యాస్" అనే మాట. రొమ్ము మధ్య బరువుగా నొక్కినట్లుండి, చెమటలు పట్టి, నొప్పి ఎడమచేతికో దవడకో పాకితే అది గుండెపోటు కావచ్చు. మధుమేహ రోగుల్లో నొప్పి లేకుండా ఆయాసం మాత్రమే రావచ్చు. ఒక సోడా తాగి, తెల్లవారేదాకా చూద్దామని పడుకుని, మరునాడు మా దగ్గరకు వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. అప్పటికి గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోయి ఉంటుంది. ఆలస్యం చేయకుండా ఈ.సి.జి. తీయించండి. పత్తర్‌గట్టిలో ఉంటే నయాపూల్ దాటగానే ఉస్మానియా ఆసుపత్రి. ఎక్కడ ఉన్నా 108కి ఫోను చేయండి. రోగిని మాత్రం స్కూటరు నడుపుకుంటూ ఒంటరిగా పంపకండి.