జ్వరం వస్తే మొదటి రోజే చెప్పండి... సిక్ పే లెక్క మారింది

బ్రిటన్‌లో 2026 ఏప్రిల్ 6 నుంచి చట్టప్రకారం ఇచ్చే సిక్ పే నిబంధనలు మారాయి. సైట్లలో, వేర్‌హౌస్‌లలో, కేర్ హోమ్‌లలో పనిచేసే మన తెలుగువాళ్లు ఈ మార్పును తప్పక తెలుసుకోవాలి.

పాత పద్ధతిలో మొదటి మూడు పనిరోజుల జబ్బుకు ఒక్క పెన్నీ వచ్చేది కాదు. దాంతో రెండు రోజుల జ్వరమైతే మాత్ర వేసుకుని పరంజా ఎక్కేవాళ్లే ఎక్కువ. అది ఎంత ప్రమాదమో మా సూపర్‌వైజర్లకు బాగా తెలుసు. ఇక సగటున వారానికి 125 పౌండ్లు కూడా రానివారికి 2025-26లో సిక్ పే అసలే లేదు.

ఇప్పుడు ఆ రెండు అడ్డంకులూ పోయాయి. మొదటి రోజు నుంచే డబ్బు వస్తుంది. వారపు సగటు సంపాదనలో 80 శాతం, లేదా 123.25 పౌండ్లు (2026-27 రేటు), ఏది తక్కువైతే అది ఇస్తారు. వారానికి 500 పౌండ్లు తెచ్చుకుంటూ ఐదు రోజులు పనిచేసేవారు రెండు రోజులు మంచాన పడితే, ఇదివరకు సున్నా. ఇప్పుడు రోజుకు 24.65 చొప్పున 49.30 పౌండ్లు. వారానికి 100 పౌండ్లే వచ్చేవారికి వారం మొత్తానికి 80 పౌండ్లు. 28 వారాల గరిష్ఠ పరిమితి అలాగే ఉంది.

దీంతో పేరోల్ వాళ్లకు పని పెరిగింది. ఒక్కరోజు జబ్బునూ ఎంట్రీ వేయాలి. జబ్బుకు ముందు ఎనిమిది వారాల సగటు తీయాలి. షిఫ్టులు వారానికోలా ఉండేవారికి ఆ సగటు కూడా మారుతుంది. టైమ్‌షీట్‌లో సిక్ అని కాకుండా ఆబ్సెంట్ అని పడితే డబ్బు రాదు. కటాఫ్ తేదీ దాటాక చెబితే వచ్చే జీతంలో కలుస్తుంది. పొద్దున వచ్చి గంట పనిచేసి ఇంటికెళితే ఆ రోజు లెక్కలోకి రాదు. ఒంట్లో బాగాలేదని మొదటి రోజే ఫోన్ మెసేజ్ పెట్టండి, దాన్ని దాచుకోండి. వారం రోజులు దాటితే డాక్టర్ ఫిట్ నోట్ కావాలి. పేస్లిప్‌లో సిక్ పే లైను విడిగా చూసుకోండి. దానిమీద కూడా ట్యాక్స్, ఎన్ఐ లెక్క ఉంటుంది. ఇవ్వం అంటే కారణం రాసిన ఎస్ఎస్‌పీ1 ఫారం అడగండి.

వీసా మీద పబ్లిక్ ఫండ్స్ వద్దని ఉంది కదా అని కొందరు భయపడతారు. సిక్ పే పబ్లిక్ ఫండ్స్ కిందకు రాదు, ఇచ్చేది యజమానే. ఏజెన్సీ ద్వారా పనిచేసేవారికీ ఇది వర్తిస్తుంది. అయితే సీఐఎస్ కింద సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా పనిచేసేవారికి రాదు. చేరేముందే ఏ పద్ధతిలో పెట్టుకుంటున్నారో అడగాలి.

24.65 పౌండ్లంటే రెండు గంటల కనీస వేతనం కూడా కాదు. దాంతో అద్దె గడవదు. కానీ జ్వరంతో పరంజా ఎక్కాల్సిన పరిస్థితి కొంతైనా తగ్గుతుంది.