జనవరి 26: జాతి పెట్టుకున్న ముహూర్తం

జనవరి ప్రవేశించిందంటే రాజధానిలో పొగమంచుతో పాటు కవాతు సన్నాహాలూ దట్టమవుతాయి. ఇండియా గేట్ పరిసరాలలో రాకపోకలను మళ్లిస్తారు. ప్రవేశపత్రాల కోసం పార్లమెంటు సభ్యుల నివాసాల వద్ద బంధుమిత్రుల తాకిడి మొదలవుతుంది. ఈ హడావుడిలో ఒక ప్రశ్న మరుగున పడిపోతుంది. రాజ్యాంగ పరిషత్తు రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబరు 26న. పౌరసత్వం, ఎన్నికలు వంటి కొన్ని అంశాలకు సంబంధించిన అధికరణాలు ఆనాడే అమలులోకి వచ్చాయి. మిగిలినవాటికి మరి రెండు నెలలు ఆగడం దేనికి?

సమాధానం కోసం ఇరవై ఏళ్లు వెనుకకు వెళ్లాలి. 1928 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక సంవత్సరం గడువు ఇచ్చింది. 1929 ముగిసేలోగా డొమీనియన్ ప్రతిపత్తిని అంగీకరించకపోతే సంపూర్ణ స్వాతంత్ర్యమే తన ధ్యేయమని ప్రకటించింది. గడువుకు వారం ముందు, డిసెంబరు 23న, ఢిల్లీ సమీపంలో వైస్రాయి ఇర్విన్ రైలు కింద బాంబు పేలింది. ఆయన క్షేమంగా బయటపడ్డారు. కొత్తగా నిర్మించిన వైస్రాయి సౌధంలో కాపురం ప్రారంభించింది ఆ దినమే. గాంధీజీ, మోతీలాల్ నెహ్రూ, జిన్నా, సప్రూ, విఠల్‌భాయ్ పటేల్ అదేరోజు ఆ సౌధంలో ఆయనను కలుసుకున్నారు. రౌండ్ టేబుల్ సమావేశం డొమీనియన్ ప్రతిపత్తికి రూపకల్పన చేయడానికేనన్న హామీ కోరారు. ఇర్విన్ ఇవ్వలేనన్నారు. నాయకులు రిక్తహస్తాలతో వెనుదిరిగారు.

డిసెంబరు 31 అర్ధరాత్రి లాహోరులో, రావి నదీతీరాన, కాంగ్రెసు అధ్యక్షుడు జవహర్‌లాల్ నెహ్రూ త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. సంపూర్ణ స్వరాజ్యమే లక్ష్యమని మహాసభ తీర్మానించింది. జనవరి 2న సమావేశమైన కార్యవర్గం ఆ నెల 26వ తేదీని, అంటే చివరి ఆదివారాన్ని, స్వాతంత్ర్య దినంగా పాటించాలని నిర్ణయించింది.

ఆనాటి కార్యక్రమం విలక్షణమైనది. ఉపన్యాసాలు వద్దన్నారు. పతాకావిష్కరణ జరగాలి, ప్రతిజ్ఞను ఆయా ప్రాంతీయ భాషలలో చదివి వినిపించాలి, సభికులు దానికి సమ్మతి తెలపాలి. మిగిలిన పొద్దును నూలు వడకడం వంటి నిర్మాణ కార్యక్రమాలకు వినియోగించాలి. ఆర్థికంగా, రాజకీయంగా, సాంస్కృతికంగా, ఆధ్యాత్మికంగా దేశాన్ని నాశనం చేసిన పాలనకు లొంగి ఉండడం పాపమన్నది ఆ ప్రతిజ్ఞ సారాంశం. ఉప్పుపన్ను ప్రస్తావన కూడా అందులో ఉంది. మార్చి 12న దండియాత్ర బయలుదేరడాన్ని బట్టి అది వట్టి మాట కాదని తేలింది. మన పట్టాభి సీతారామయ్యగారు 1935లో వెలువడిన కాంగ్రెసు చరిత్రలో ఈ ఘట్టాలన్నింటినీ గ్రంథస్థం చేశారు.

తరువాత ఏటా జనవరి 26నే స్వాతంత్ర్య దినంగా పాటిస్తూ వచ్చారు. తీరా స్వాతంత్ర్యం వచ్చేసరికి తేదీ మారింది. ఆగస్టు 15ను ఎంచినవారు మౌంట్‌బాటన్. 1945లో జపాన్ లొంగుబాటు ప్రకటించిన రోజు అది. ఆ విధంగా స్వాతంత్ర్య ముహూర్తాన్ని చివరి వైస్రాయి పెట్టగా, గణతంత్ర ముహూర్తాన్ని జాతి తానే పెట్టుకుంది. రెండు నెలల నిరీక్షణకు అర్థం ఇదే.

1950 జనవరి 26న, ఇర్విన్ హామీ నిరాకరించిన ఆ సౌధంలోనే, దర్బారు హాలులో, రాజగోపాలాచారి గణతంత్ర ప్రకటన గావించగా, రాజేంద్ర ప్రసాద్ ప్రథమ రాష్ట్రపతిగా ప్రమాణ స్వీకారం చేశారు. మధ్యాహ్నం కవాతు జరిగిన ఇండియా గేట్ సమీపపు క్రీడాప్రాంగణానికి అప్పటికింకా ఇర్విన్ పేరే ఉండడం విశేషం. నేడది ధ్యాన్‌చంద్ స్టేడియం. కవాతు 1955లో రాజ్‌పథ్‌కు మారింది; ఆ దారి 2022లో కర్తవ్య పథ్ అయింది.

కవాతు వద్దనడం ఈ లేఖ ఉద్దేశం కాదు. సైనికుల త్యాగానికి జాతి వందనం చేయవలసిందే. కాని 1930లో ఈ రోజున గొంతు విప్పింది ప్రజలు; ఇప్పుడు వారు ప్రేక్షకులు. ఆనాటి ప్రతిజ్ఞ అన్యాయపు పాలనను నిరాకరించింది. భారత ప్రజలమైన మేము ఈ రాజ్యాంగాన్ని మాకు మేమే ఇచ్చుకుంటున్నామని చెప్పే పీఠిక న్యాయమైన పాలనను కోరుతుంది. పతాకం ఎగిరిన తరువాత ప్రతి గ్రామంలో, అక్కడివారి భాషలో, ఆ పీఠికను పెద్దలూ పిన్నలూ కలిసి చదవడానికి ఏ నిధులూ అవసరం లేదు, ఏ ప్రవేశపత్రమూ అక్కరలేదు.